టెయిల్‌గేట్ తాళం కొనేముందు లాచ్ సంగతి చూడండి

పాత పికప్ ట్రక్కులకు టెయిల్‌గేట్ హ్యాండిళ్లు, లాచ్‌లు, కేబుళ్లు, తాళాలు మా దగ్గర తీసుకుంటున్న వారందరికీ ఈ కబురు. టెయిల్‌గేట్ అంటే పికప్ వెనక కిందికి దించే తలుపు. మూసిన గేటును రెండు పక్కలా పట్టి ఉంచేది లాచ్, దించిన గేటును పట్టి ఉంచేవి కేబుళ్లు. ఈ నెల నుంచి ఆర్డర్ల విషయంలో కొన్ని మార్పులు చేస్తున్నాం. అవి ఎందుకో అర్థం కావాలంటే ముందు ఒక మాట సూటిగా చెప్పాలి: హ్యాండిల్‌కి వేసే తాళం ఒక్కటే టెయిల్‌గేట్ దొంగతనాన్ని ఆపదు. కొనేవాళ్లు ఈ సంగతి తెలుసుకునే కొనాలి.

టెయిల్‌గేట్‌ను బండి నుంచి వేరు చేయడానికి చాలా మోడళ్లలో పానా కూడా అక్కర్లేదు. పెద్ద సరుకు ఎక్కించేటప్పుడు యజమాని తేలిగ్గా తీసి పక్కన పెట్టుకునేలా కంపెనీలే అలా తయారుచేశాయి. గేటును సగం దాకా, దాదాపు 45 డిగ్రీలకు దించి, రెండు పక్కలా కేబుల్ కొక్కేలు విప్పితే, ఒకవైపు హింజ్ కప్పుకు (గేటు తిరిగే పిన్ను చుట్టూ ఉండే గుండ్రటి గిన్నెకు) ఉన్న గాడి లోపలి పిన్నుతో సరిగ్గా కలుస్తుంది. అటు పైకి ఎత్తి పక్కకు లాగితే చాలు, రెండోవైపు దానంతటదే జారి వస్తుంది. చేయి తిరిగినవాడికి నిమిషం చాలు.

పాత బళ్ల మీదే దొంగల కన్ను పడటానికి రెండు కారణాలు. వాటిలో చాలావాటికి కంపెనీ నుంచి గేటు తాళం రాలేదు. పైగా ఒకే గేటు ఏళ్ల తరబడి వచ్చిన బళ్లన్నింటికీ సరిపోతుంది. షెవ్రొలే సిల్వరాడోలో 1999 నుంచి 2006 దాకా, ఫోర్డ్ ఎఫ్-150లో 1997 నుంచి 2003 దాకా ఒకే తరం నడిచింది. రివర్స్‌లో స్తంభానికి కొట్టి గేటు సొట్టపోయినవాళ్లు ఎప్పుడూ ఉంటారు కాబట్టి, ఊడదీసిన గేటుకు గిరాకీ తగ్గదు.

ఇక లాచ్ సంగతి. హ్యాండిల్ విరిగిందని ఆర్డర్ పెట్టేవాళ్లలో చాలామందికి అసలు జబ్బు హ్యాండిల్‌లో ఉండదు. గేటు మధ్యలో హ్యాండిల్, దాని నుంచి రెండు పక్కలకు రెండు రాడ్లు, రాడ్ల చివర లాచ్‌లు ఉంటాయి. దుమ్ము, తుప్పు పట్టి లాచ్ బిగుసుకుంటే హ్యాండిల్‌ను ఇంకా గట్టిగా లాగాల్సి వస్తుంది. ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ ఆ బలానికి ఆగదు. లాచ్ శుభ్రం చేయకుండా కొత్త హ్యాండిల్ బిగిస్తే అదీ అదే దారి పడుతుంది. తాళానికీ ఇదే చిక్కు. హ్యాండిల్ పూర్తిగా వెనక్కి రాకపోతే తాళం నాలుక దాని చోటికి తిరగదు, తాళం చెవి సగంలో ఆగిపోతుంది. తాళం పాడైందనుకుని గేటు అలాగే వదిలేస్తారు.

అందుకే ముందు పరీక్ష చేయండి. గేటు లోపలివైపు, అంటే బెడ్ (సరుకు వేసే తొట్టి) వైపున్న ప్యానెల్ స్క్రూలు విప్పండి. దానిమీద గీతలు పడకుండా వేసే లైనర్ ఉంటే దాన్ని ముందు తీయాలి. రాడ్లను ఒక్కొక్కటిగా చేత్తో హ్యాండిల్ వైపు లాగండి. రెండూ తేలిగ్గా కదిలి లాచ్‌లు తెరుచుకుంటే తప్పు హ్యాండిల్‌దే. ఒకటి కదలకపోతే అటువైపు లాచ్ పట్టేసింది. హ్యాండిల్ ఎత్తినా రాడ్ కదలకపోతే రాడ్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్ విరిగి ఉంటుంది. ఈ చిన్న క్లిప్ కోసమే మొత్తం సెట్ మార్చేసేవాళ్లున్నారు. ఇకపై ప్రతి హ్యాండిల్‌తోనూ రెండు క్లిప్పులు మేమే కలిపి పంపుతాం. క్లిప్ ఒక్కటే కావాలన్నా ఇస్తాం.

పట్టేసిన లాచ్‌కు ముందు తుప్పు వదిలించే నూనె కొట్టి, కాసేపు ఆగి, స్క్రూడ్రైవర్‌తో పదిసార్లు తెరిచి మూయండి. మురికి తుడిచాక తెల్ల లిథియం గ్రీజు పెట్టండి. ఆ నూనెతోనే సరిపెడితే త్వరగా ఆరిపోయి మళ్లీ మొదటికొస్తుంది. తాళం కన్నంలోకి మాత్రం గ్రీజు వద్దు, గ్రాఫైట్ పొడి చాలు.

మరలు తిప్పి పొడవు మార్చుకునే రాడ్లయితే, హ్యాండిల్ దగ్గర 1-2 మిల్లీమీటర్ల వదులు ఉంచండి. అసలు వదులు లేకపోతే లాచ్ సగం తెరుచుకునే ఉండి, గుంతల్లో గేటు దానంతటదే పడిపోతుంది. ఒకవైపు మరీ వదులైతే అటు ఆలస్యంగా తెరుచుకుని గేటు వంకరగా వేలాడుతుంది. ఇంకొకటి: గేటు దించి ఉన్నప్పుడు చేయి తగిలి లాచ్ మూసుకుపోతుంటుంది. చూసుకోకుండా గేటును బలంగా మూస్తే లాచ్ స్ట్రైకర్‌కి (లాచ్ పట్టుకునే, బెడ్ పక్కనున్న పిన్నుకి) గుద్దుకుని వంగుతుంది. గేటు మూసుకోవడం లేదంటే ముందు ఇదే చూడండి. హ్యాండిల్ ఎత్తి వదిలితే లాచ్ మళ్లీ తెరుచుకుంటుంది.

గేటు మూసి ఉండగానే పట్టేస్తే బయటినుంచి గునపంతో ఎత్తకండి, రేకు పాడవుతుంది. బెడ్ ఖాళీ చేసి, లోపలికి ఎక్కి, ఆ ప్యానెల్ విప్పి రాడ్లను లాగితే సరి.

లాచ్ బాగుపడ్డాకే తాళం. హ్యాండిల్ తాళం గేటును తెరవనివ్వదు. హింజ్ తాళం తెరిచిన గేటును ఊడనివ్వదు. ప్లాస్టిక్ హ్యాండిల్ పగలగొట్టడం కష్టమేమీ కాదు కాబట్టి రెండోది తప్పనిసరి. దీనికి మా దగ్గరే కొనాలని లేదు. గాడి ఉన్న హింజ్ కప్పు చుట్టూ స్టెయిన్‌లెస్ స్టీల్ హోస్ క్లాంప్ (పైపులకు వేసే, స్క్రూతో బిగించే పట్టీ) బిగిస్తే గాడి మూసుకుపోయి పిన్ను బయటికి రాదు. గాడి ఎక్కువ మోడళ్లలో కుడివైపే ఉంటుంది, మీ బండిలో చూసుకోండి. కప్పు చుట్టూ దారం చుట్టి కొలిచి, 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. ఆ కొలత క్లాంప్ పరిధికి మధ్యలో పడేది తీసుకోండి. గేటు మూసినప్పుడు స్క్రూ తల చేతికి అందని వైపు ఉండాలి. బిగించాక గేటును మెల్లగా పూర్తిగా దించి, బంపర్‌కి గానీ బెడ్‌కి గానీ గీసుకోవడం లేదని చూడండి. స్క్రూడ్రైవర్ ఉన్నవాడు ఇదీ విప్పొచ్చు, కాకపోతే సమయం పడుతుంది. అంతకన్నా గట్టిది కావాలంటే ప్రత్యేకమైన కీతోనే తిరిగే హింజ్ తాళం ఉంది.

కేబుళ్లను ఇకపై విడిగా ఒక్కటి అమ్మం, జతగానే ఇస్తాం. పైనున్న ప్లాస్టిక్ తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల తీగ తుప్పు పట్టి ఉంటుంది. 2004లో జనరల్ మోటార్స్ దాదాపు 40 లక్షల పికప్‌లను వెనక్కి పిలిచింది ఈ తుప్పు వల్లే. ఒకటి తెగిందంటే రెండోదీ అదే వయసుది, అదే వాన తిన్నది. తెగిన కేబుల్‌తో గేటు మీద కూర్చోవద్దు, బరువు పెట్టవద్దు.

బండి కాగితాలు చూపించకుండా విడి గేటు తెచ్చి అమ్ముతామంటే మేం కొనం. పాత గేట్లలో చాలావాటి మీద బండి నంబర్ ఉండదు, అందుకే పోయినదాన్ని గుర్తించడం కష్టం. మీ బండి నంబర్‌ను ప్యానెల్ వెనక ఒకచోట, అంచు మీద కనిపించేలా ఒకచోట చెక్కించి ఫొటో తీసి పెట్టుకోండి.

ఆర్డర్‌తో పాటు బండి మోడల్, తయారైన సంవత్సరం, బెడ్ పక్కలు నునుపుగా ఉన్నాయా లేక చక్రాల మీద రేకు బయటికి ఉబ్బి ఉందా, హ్యాండిల్‌కి తాళం కన్నం ఉందా లేదా రాయండి. హ్యాండిల్ వెనకవైపు, రాడ్ కొసల ఫొటోలు తప్పనిసరి. అవి వచ్చాకే పార్ట్ పంపుతాం.