రేడియేటర్ వద్దులే అమ్మలూ

అమ్మలూ,

నువ్వు పంపిన డ్రాయింగ్ మొన్న రాత్రి ఫోన్లో చూశా, అక్షరాలు ఆనలేదు, పొద్దున్నే కుర్రాడి చేత పెద్ద కాగితం మీద ప్రింట్ తీయించి షాపులో బల్ల మీద పరుచుకున్నా. మీ స్పీడ్ రికార్డు బండిలో 500 హార్స్ పవర్ ఇంజన్‌కి రేడియేటర్ ఎంత సైజు పెట్టాలి నాన్నా అని అడిగావు. ఆటోనగర్లో ముప్పై ఏళ్ళుగా లారీ రేడియేటర్లకి టంకాలు వేసి నిన్ను చదివించినవాణ్ణి, నేనే చెప్తున్నా, అసలు రేడియేటరే పెట్టకు.

నవ్వకు, విను. లారీ ఇక్కడి నుంచి హైదరాబాద్ దాకా ఐదారు గంటలు పోతుంది, పుట్టిన వేడి పుట్టినట్టు గాలిలోకి వదలకపోతే చస్తుంది, అందుకే దానికి రేడియేటర్. మీ బండి అమెరికాలో ఆ బోనవిల్ ఉప్పు మైదానం మీద ఐదు మైళ్ళు సగటున 200 మైళ్ళ స్పీడుతో పోతే 90 సెకన్లలో పనైపోతుంది. ఆ మాత్రానికి వేడిని బయటికి పంపడమెందుకు, బండిలోనే దాచుకుంటే చాలదా? పైగా రేడియేటర్ కోసం బండి ముక్కుకి బొక్క పెట్టారంటే లోపలికొచ్చి ఫిన్స్‌లో దూరే గాలంతా బండిని వెనక్కి లాగేదే, స్పీడు రెట్టింపైతే గాలికే పవర్ ఎనిమిది రెట్లు పెట్టాలని నీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ చాలామంది ముక్కు మూసేసి నీళ్ళ ట్యాంకుతోనే నడుపుతారు.

పాలిటెక్నిక్ లెక్కలు ఇంకా మర్చిపోలేదులే, పాత బిల్ బుక్ వెనకాల వేసి చూశా. 500 హెచ్‌పీ అంటే 373 కిలోవాట్లు, నీళ్ళలోకి దిగే వేడి అందులో 60 శాతం అనుకో, అది నా అంచనా, మీరు డైనో మీద, అదే ఇంజన్ పవర్ కొలిచే మిషన్ మీద, కొలుచుకోండి. 220 కిలోవాట్ల పైచిలుకు, 90 సెకన్లకి దగ్గర దగ్గర 20,000 కిలోజౌళ్ళు. మామూలు నీళ్ళు 30 డిగ్రీల నుంచి 90 దాకా కాగితే కిలోకి 250 తాగుతాయి, అంటే 80 లీటర్లు కావాలి. అదే ఐస్ అయితే కిలో కరగడానికే 334, కరిగిన నీళ్ళు 90 దాకా కాగడానికి ఇంకో 376, అంటే 28 కిలోలతో సరి! ఉత్త ఐస్ పంపులో తిరగదు కాబట్టి 25 కిలోల ఐస్, 30 లీటర్ల నీళ్ళు పెట్టుకుంటే చేతిలో ఇంకా మిగులుంటుంది. బరువని భయపడకు, ఉప్పు మీద టైరుకి పట్టు తక్కువని అక్కడివాళ్ళు కావాలనే సీసం దిమ్మలు వేసుకుంటారు.

కానీ ఆ ఐస్ నీళ్ళు తిన్నగా ఇంజన్ బ్లాక్‌లోకి పంపొద్దు. నాకు పందొమ్మిదేళ్ళప్పుడు నందిగామ దాటాక ఒక లారీ హీటెక్కి ఆగిపోతే తొందరపడి కాలవ నీళ్ళు బకెట్‌తో తెచ్చి పోసేశా, టక్ మని ఒక్క చప్పుడు, బ్లాక్ క్రాక్ ఇచ్చేసింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలోనే ఉంది. ఇంజన్ నీళ్ళు ఇంజన్ చుట్టూ తిరుగుతూ ఉండాలి, థర్మోస్టాట్ కావాల్సినంతే ట్యాంకు నీళ్ళు కలపాలి, లేదంటే మధ్యలో హీట్ ఎక్స్‌ఛేంజర్ పెట్టి రెండు నీళ్ళూ వేరుగా ఉంచండి.

నీ డ్రాయింగ్‌లో ట్యాంకు గొట్టం ముందు వైపు ఉంది. తప్పు. బండి దూకగానే నీళ్ళన్నీ వెనక్కి పోతాయి, గొట్టం గాలి పీల్చి ఎయిర్ లాక్ అవుతుంది. వెనక అడుగున పెట్టు, లోపల మన నీళ్ళ ట్యాంకర్లలో ఉన్నట్టు అడ్డు రేకులు వెయ్యి, గొట్టం నోటికి జాలీ కట్టు, ఐస్ ముక్క అడ్డుపడిందంటే అంతే సంగతులు. గాలి బయటికి పోడానికి అన్నిటికంటే ఎత్తులో ఒక బ్లీడ్ కూడా.

అక్కడ 4,200 అడుగుల ఎత్తు కదా, నీళ్ళు పోసే చోటి క్యాప్‌లో ప్రెషర్ నిలవకపోతే నీళ్ళు 96 డిగ్రీలకే మరుగుతాయి, మంచి క్యాప్ కొనండి. ఐస్ ముందే వేసుకుని లైన్లో నిలబడొద్దు, ఆగస్టు ఎండలో మీ వంతు వచ్చేసరికి నీళ్ళే మిగుల్తాయి, చేపల మార్కెట్‌లో పొట్టు కప్పి ఉంచినట్టు పెట్టెలో దాచి ఆఖర్న వెయ్యండి. మీది ఎఫ్ఐఏ, అంటే ఆ అంతర్జాతీయ మోటార్ సంస్థ ఇచ్చే రికార్డా, అక్కడ ఆగస్టులో జరిగే స్పీడ్ వీక్ పోటీ రికార్డా? ఎఫ్ఐఏ అయితే గంటలోపు రెండో వైపు కూడా పరిగెత్తాలి, వేడి నీళ్ళు దించి కొత్త ఐస్ ఎక్కించడం ముందే పది సార్లు ప్రాక్టీస్ చెయ్యండి. స్పీడ్ వీక్‌లో అయితే రెండో పరుగు మర్నాడు పొద్దున, అంత తొందర లేదు.

పంపు కరెంటుది పెట్టు, ఇంజన్ ఆపేశాక కూడా కాసేపు తిరగాలి, హెడ్‌లో దాగిన వేడి అప్పుడే పైకొస్తుంది. గేజ్ చల్లబడిందని చూపించినా సరే పావుగంట ఆగి, గుడ్డ వేసి, అప్పుడే క్యాప్ తియ్యి. నా ఎడమ చెయ్యి నువ్వు చూసిందే కదా.

నాన్న