ఓటు 1950లో ఊడిపడలేదు

సంపాదకులకు నమస్కారం.

జనవరి 25న ఓటర్ల దినోత్సవానికి మీరు జిల్లా పేజీలో వేసిన వ్యాసం చూశాను. సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లు ఆగాను, వేయలేదు. రాజ్యాంగం వచ్చాకే మన ఆడవాళ్లు ఓటు మొహం చూశారని రాసేశారు. పక్కనే ముగ్గుల పోటీ ఫొటో, దాని వెనక ఫ్లెక్సీ నిండా నాయకుల మొహాలు!

కోస్తా, సీమ జిల్లాలున్న మద్రాసు ప్రెసిడెన్సీలో 1921లోనే శాసనమండలి ఆడవాళ్లకు ఓటిచ్చింది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో అదే మొదటిది. ఫ్రాన్సులో ఆడవాళ్లకు ఓటు 1944 దాకా రాలేదు. మద్రాసులోనూ ఆస్తి, పన్ను ఉన్నవాళ్లకే అనుకోండి, మగవాళ్లకీ అదే షరతు.

అదీ ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు. 1917లో మద్రాసు అడయారులో మార్గరెట్ కజిన్స్, డొరతీ జినరాజదాస, అనీబిసెంట్ వంటివారు భారత మహిళా సంఘం పెట్టారు. ఆ డిసెంబరులో మన హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు ముందు నిలబడి, బ్రిటిష్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు మద్రాసు వచ్చినప్పుడు ఓటు అడిగారు. అప్పటికి ఆయన సొంత దేశంలోనే ఆడవాళ్లకు పార్లమెంటు ఓటు లేదు! ఓటు ఎవరెవరికివ్వాలో తేల్చడానికి తర్వాత వచ్చిన సౌత్‌బరో కమిటీ, ఇక్కడి ఆడవాళ్లకు ఓటు ఇప్పుడే ఎందుకంది. తేల్చే పని రాష్ట్రాల మండళ్ల మీద పడింది. 1926లో కమలాదేవి చటోపాధ్యాయ మద్రాసు మండలికి పోటీచేసి కొద్ది ఓట్లతో ఓడారు. ముత్తులక్ష్మీరెడ్డి మండలిలో అడుగుపెట్టి ఉపాధ్యక్షురాలయ్యారు. వీళ్లలో ఒక్కరి పేరైనా మీ పేజీలో లేదు. ముగ్గుల్లో మొదటి బహుమతి ఎవరికొచ్చిందో మాత్రం ఉంది.

అధికారుల సంగతి ఇక చెప్పక్కర్లేదు. మొదటి సాధారణ ఎన్నికలప్పుడు సొంత పేరు చెప్పకుండా 'ఫలానా ఆయన భార్య' అని రాయించుకున్న సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు జాబితాలోంచి పోయాయి. ఇప్పుడు పేరు చెబుతున్నా దిక్కులేదు. మా వీధిలో ఒకావిడ పేరు కింద లింగం పురుషుడని పడింది. తప్పు దిద్దమని ఫారం 8 ఇచ్చినా అలాగే ఉంది. సర్వర్ డౌనట! పంచాయతీకి వెళ్తే మహిళా సర్పంచి కుర్చీలో భర్తగారు కూర్చుని సంతకాలు పెట్టిస్తుంటారు. ఆ ఫొటో ఏ పేపరూ వేయదు.

మీ వ్యాసానికి సవరణ వేయండి. లోపలి పేజీలో మూలన కాదు, ముగ్గుల ఫొటో వేసినంత మేర.

- ఒక పాఠకురాలు, తెనాలి