టీనేజ్ సైన్స్ ఫిక్షన్ నవల ముద్రణలో, ఈ-బుక్‌లో లోపాలపై ఫిర్యాదు

ప్రచురణ విభాగం మేనేజరు గారికి,

విషయం: జ్ఞాపకాల దొంగతనం మీద మీరు వేసిన నవలలో ఫారం (ఒకే పెద్ద కాగితం మీద అచ్చువేసి మడిచిన పేజీల కట్ట) తారుమారు, ఈ-బుక్‌లో కీలక ఆధారం మాయం, అనుబంధంలో శాస్త్ర విషయాల తప్పులు.

ఆర్యా,

మా గ్రంథాలయం పిల్లల విభాగానికి ఈ నవల 40 ప్రతులు తీసుకున్నాం. వాటిలో 14 ప్రతుల్లో 96వ పేజీ తర్వాత మళ్లీ 81 మొదలవుతోంది. అది 96 దాకా రెండోసారి నడిచి, తిన్నగా 113కి వెళ్లిపోతోంది. 16 పేజీల ఏడో ఫారం ఉండాల్సిన చోట ఆరో ఫారమే మళ్లీ పడిందన్నమాట. పేజీల లెక్క 192కి సరిపోతుంది, పుస్తకం మందం కూడా మారదు. అందుకే పైనుంచి చూస్తే ఎవరికీ అనుమానం రాదు.

ఇది ప్రెస్సులో కాదు, బైండింగు దగ్గర జరిగిన పొరపాటు. ఫారాలను వరుసగా ఎత్తి పేర్చేటప్పుడు ఏడో దొంతర ఉండాల్సిన చోట ఆరో దొంతర పెట్టి ఉంటారు. ఒక్కో ఫారం వెన్ను మడత మీద కాస్త కాస్త కిందికి జరిగే నల్ల గుర్తు వేయిస్తే, పేర్చిన కట్ట మీద అవి మెట్లలా వరుసగా కనిపిస్తాయి. ఒక ఫారం మారినా ఆ వరుస తెగుతుంది. అయితే ఈ తనిఖీ జిగురు పెట్టకముందే జరగాలి. వెన్నుకు జిగురుతో అట్ట అతికించే పర్ఫెక్ట్ బైండింగులో వెన్నును గీకేస్తారు కాబట్టి ఆ తర్వాత గుర్తులు మిగలవు.

వేరే పుస్తకమైతే పదహారు పేజీలు పోతే పోయాయనుకోవచ్చేమో. మిస్టరీలో అలా కుదరదు. కథలోని క్లినిక్ రిజిస్టరులో రాసిన సమయానికి ఆ వీధిలో కరెంటే లేదన్న సంగతి బయటపడేది 104వ పేజీలో. మొత్తం పుస్తకంలో ఆ మాట ఉన్నది అక్కడ ఒక్కచోటే. అది చదవని పిల్లలకు 178వ పేజీలో నాయిక దొంగ ఎవరో చెప్పగానే, రచయిత చివర్లో ఏదో అతికించి ముగించేశారనిపిస్తుంది. రచయిత ఆధారాన్ని నిజాయితీగా ముందే పెట్టారు. ఆ ప్రతుల్లో అది పాఠకుడికి చేరలేదు.

ఈ-బుక్‌లో ఇంకో ఆధారం పోయింది. అచ్చు ప్రతిలో అసలు జ్ఞాపకాలు మామూలు అక్షరాల్లో, క్లినిక్ వాళ్లు ఎక్కించిన అబద్ధపు జ్ఞాపకాలు వాలు అక్షరాల్లో ఉన్నాయి. ఎక్కడా చెప్పకుండా పాఠకుడే పట్టుకోవాలన్నది రచయిత ఆలోచన. చాలా చక్కని ఆలోచన. ఈ-బుక్‌లో అంతా ఒకే అక్షరం. పాత డీటీపీ పద్ధతిలోని అను ఫాంట్లలో కూర్చిన పేజీలను, ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చినప్పుడు సాధారణంగా వచ్చేది ఉత్త పాఠమే, వాలు రాదు. దాన్ని మళ్లీ చేత్తో పెట్టుకోవాలి. తెలుగు యూనికోడ్ ఫాంట్లలో వాలు రూపం విడిగా ఉండడం అరుదు కాబట్టి, అసలు పాఠానికి మండలి, అబద్ధపు జ్ఞాపకాలకు గిడుగు వంటి రెండు ఫాంట్లు వాడి, వాటిని ఈపబ్ (ఈ-బుక్) ఫైలులోనే పొదగండి. చదివేవాళ్లు తమ ఫోనులో ఫాంటు మార్చుకుంటే ఆ తేడా కూడా పోతుంది. కాబట్టి ఆ పేరాలను ఎడమ పక్క కొంచెం లోపలికి జరపడం తప్పనిసరి.

మాకు ఎక్కువ బాధ కలిగించింది 'కథ వెనుక సైన్సు' అనే అనుబంధం. కథలో ఊహకు స్వేచ్ఛ ఉంది. నిజాలంటూ పిల్లలకు ఇచ్చే పేజీల్లో ఆ స్వేచ్ఛ లేదు. మెదడులో కొత్త జ్ఞాపకాలు ఏర్పడడానికి అవసరమైన హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని తీసేస్తే చిన్ననాటి జ్ఞాపకాలన్నీ చెరిగిపోతాయని రాశారు. 1953లో మూర్ఛ తగ్గడానికి హెన్రీ మొలైసన్‌కు మెదడులో రెండు వైపులా ఆ భాగంలో దాదాపు సగం తీసేశారు. ఆయన కొత్త సంగతులను గుర్తుంచుకోలేకపోయారు గానీ, చిన్ననాటివి చాలావరకు మిగిలే ఉన్నాయి. 2013లో అబద్ధపు జ్ఞాపకాన్ని మనుషుల్లో ఎక్కించారని ఇంకోచోట ఉంది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో సుసుము తొనెగావా బృందం ఆ ప్రయోగం చేసింది ఎలుకల మీద.

రచయితకు ఈ శాస్త్రం బాగా తెలుసు. 58వ పేజీలో క్లినిక్ వాళ్లు పిల్లల చేత ముందు ఆ జ్ఞాపకాన్ని చెప్పించి, తర్వాతే యంత్రం పెడతారు. గుర్తు చేసుకున్న జ్ఞాపకం మళ్లీ కుదురుకునేదాకా కొంతసేపు బలహీనంగా ఉంటుందని 2000లో కరీం నాడర్, గ్లెన్ షేఫ్, జోసెఫ్ లెడూ ఎలుకల్లో చూపించారు. ఆ సన్నివేశానికి పునాది అదే, రహస్యం విడిపోయేదీ దానితోనే. మీ అనుబంధంలో ఆ ప్రయోగం ఊసే లేదు. పైగా అందులో రాసింది నమ్మి చదివిన పిల్లవాడు సరైన జవాబును తనంతట తనే కొట్టిపారేస్తాడు.

వెనక అట్ట మీద దొంగ వృత్తి ఏమిటో బయటపెట్టేశారు. ఆ వాక్యం తీసేయండి.

మేము కోరుతున్నవి: 14 ప్రతులనూ మీ రవాణా ఖర్చుతో మార్చాలి. పంపే ముందు ప్రతి పుస్తకంలో 96 తర్వాత 97 ఉందో లేదో తెరిచి చూడాలి. గోడౌనులో మిగిలిన ప్రతులకూ, దుకాణాలకు వెళ్లిన వాటికీ ఇదే తనిఖీ జరగాలి. ఈ-బుక్ కొన్నవాళ్లందరికీ సరిచేసిన ఫైలు ఉచితంగా అందాలి. కొత్త అనుబంధాన్ని నాడీశాస్త్రం తెలిసినవారికి చూపించి, అది వచ్చేలోగా తప్పొప్పుల పట్టిక అచ్చువేసి ప్రతి పుస్తకంలో పెట్టాలి.

బిల్లు నకలు, 96, 81, 113 పేజీల ఫొటోలు జతచేశాం. ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద లోపభూయిష్టమైన వస్తువు అమ్మారని జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాం.

ఇట్లు,
గ్రంథాలయ పిల్లల విభాగం నిర్వాహకులు