క్లిక్కుల శాతం ఒక్కటే చూడకండి

విశాఖ వెబ్‌సైట్ మిత్రులకు నమస్కారం. ప్రకటనలపై క్లిక్కుల శాతం, అంటే ప్రకటన కనిపించిన ప్రతి వందసార్లలో ఎన్నిసార్లు నొక్కారన్నది, తగ్గిందని చాలామంది దిగులు పడుతున్నారు. వెయ్యి పేజీ వీక్షణలకు ఎంత ఆదాయం వస్తోందో ముందు లెక్కించండి. 5,000 వీక్షణలకు 400 రూపాయలు వస్తే, వెయ్యికి 80 అన్నమాట. అరకు ప్రయాణ వివరాల పేజీనీ, ఆర్కే బీచ్ ఫొటోల పేజీనీ విడివిడిగా చూడండి. బస కోసం వెతుకుతూ వచ్చినవారికి హోటల్ ప్రకటన నిజంగా పనికొస్తుంది. ఫొటోలు చూసి వెళ్లేవారికి అంతగా పట్టదు. ప్రకటనల చోటు ఒక్కొక్కటిగా మార్చి, రెండు వారాలైనా ఆగండి. మెనూ బటన్ల పక్కన మాత్రం ప్రకటన వద్దు, పొరపాటున నొక్కేలా చేయడం పాఠకుణ్ణి మోసగించడమే.

ఒకరి ప్రకటనలు ఒకరు నొక్కుకుందామనే మాట దయచేసి ఇక్కడ ఎత్తవద్దు. మన సైట్లలో ప్రకటనలు చూపే గూగుల్ సేవ యాడ్‌సెన్స్ నిబంధనలు దాన్ని నిషేధించాయి, వాళ్లు మీ యాడ్‌సెన్స్ ఖాతానే మూసేయవచ్చు. మీ పేజీలవారీ లెక్కలు ఆదివారంలోగా పంపితే కలిసి పరిశీలిద్దాం.