ట్రైలర్ జాక్ విషయంలో కాస్త జాగ్రత్త

ఎడిటర్ గారికి నమస్కారం. బోట్ ట్రైలర్ కొనేవాళ్ళు ఇంజన్ గురించి, టైర్ల గురించి ఎంతో ఆలోచిస్తారు గానీ బండి నుంచి విప్పాక ట్రైలర్ ముందు భాగాన్ని మోసి నిలబెట్టే జాక్ దగ్గరికొచ్చేసరికి ఏదో ఒకటిలే అనేస్తారు, అదే నాకు బాధ. బోటు, ఇంజన్, పెట్రోలు, సామాను అన్నీ ఎక్కించాక ట్రైలర్‌ని బండికి తగిలించే కొక్కెం మీద పడే బరువు మామూలుగా మొత్తంలో 5 నుంచి 10 శాతం ఉంటుంది, అంటే మొత్తం 1,500 కిలోలైతే 75 నుంచి 150 కిలోలు, జాక్ దానికంటే బాగా ఎక్కువ మోయగలగాలి. ఇంకో సంగతి, జాక్‌ని ఇరుసు వైపు వెనక్కి జరిపేకొద్దీ దాని మీద బరువు పెరుగుతుంది. అలాగని మరీ ముందుకి బిగిస్తే మలుపులో లాగే బండి బంపర్‌కి తగులుతుంది, వెనక డోర్ తెరిస్తే హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది. కాబట్టి బోల్టులు బిగించే ముందే డోర్ పూర్తిగా తెరిచి, హ్యాండిల్ ఒక చుట్టు తిప్పి, వించ్ (బోటుని ట్రైలర్ మీదకి లాగే చుట్టుడు యంత్రం) స్తంభానికి తగలట్లేదని చూసుకోండి. పక్కకి మడిచే రకమే మంచిది, బోటుని నీళ్ళలోకి దించే వాలు ర్యాంప్ మీద కిందకి రాసుకోదు, కానీ దాన్ని కదలకుండా పట్టే పిన్ను రంధ్రంలోకి పూర్తిగా దిగిందా లేదా అని ప్రతిసారీ చేత్తో లాగి చూడాలి. ఉప్పునీళ్ళలోకి దించేవాళ్ళు తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన గాల్వనైజ్డ్‌దే తీసుకోండి. ట్రైలర్ విప్పేముందు చక్రాలకి అడ్డుదిమ్మలు పెట్టడం మాత్రం మానొద్దు, జాక్ కింద చిన్న చక్రం ఉంటే మరీనూ.

ఇట్లు,
ఒక పాఠకుడు