గింజ జన్యువు సరే, వేరు సంగతేంటి?

సంపాదకుడు గారికి,

బియ్యం నాణ్యత పెంచే జన్యువు దొరికిందని ఒకరోజు వార్త వేస్తారు, యూరియా ఖర్చు తగ్గించే బ్యాక్టీరియా వచ్చిందని ఇంకోరోజు వేస్తారు. రెండూ ఒకే మొక్కలో జరిగేవని మాత్రం రాయరు. అందుకే ఈ ఉత్తరం.

గింజ వైపు పని చాలా ముందుకెళ్లిందండీ, ఒప్పుకోవాలి. 2005లో వరి జన్యుక్రమం చదివారు, 2018 కల్లా 3,010 రకాలవి పోల్చి చూశారు. అన్నం పొడిపొడిగా వస్తుందా ముద్దవుతుందా అన్నది చాలావరకు అమైలోజ్ (గింజలోని పిండి పదార్థంలో ఒక భాగం) శాతాన్ని బట్టి ఉంటుంది, దాన్ని ప్రధానంగా నడిపేది ఆరో క్రోమోజోమ్ మీదున్న వ్యాక్సీ జన్యువు. సువాసన సంగతి ఇంకా తమాషా, బీఏడీహెచ్2 అనే జన్యువు పాడైతేనే వాసన వస్తుంది! 1966లో వచ్చిన ఐఆర్8 అనే వరి రకం దిగుబడిలో అదరగొట్టింది గానీ, అమైలోజ్ ఎక్కువ కావడంతో చల్లారితే అన్నం గట్టిపడుతుందని జనం పెదవి విరిచారు.

కానీ జన్యువు ఉన్నంత మాత్రాన గింజ అలాగే తయారవదు. పాలు పోసుకునే దశలో వేడి ఎక్కువైతే, రాత్రిళ్లు కూడా చల్లబడకపోతే, గింజలో సుద్దలాంటి తెల్లమచ్చ పడుతుంది, మరలో వేస్తే నూకవుతుంది. నత్రజని ఆలస్యంగా, ఎక్కువగా అందితే ప్రొటీన్ పెరిగి అన్నం గట్టిగా ఉంటుంది, వేడిలో నత్రజని చాలకపోతే మళ్లీ ఆ తెల్లమచ్చే. ఎంత అందింది, ఎప్పుడు అందింది అన్న లెక్క చివరికి కంచం దాకా వస్తుందన్నమాట, నేలలోని నత్రజనిని మొక్కకు అందే రూపంలోకి మార్చే వేరు దగ్గరి సూక్ష్మజీవులకీ ఆ లెక్కలో వాటా ఉంది.

2019లో చైనా శాస్త్రవేత్తలు వరిలోని రెండు ప్రధాన జాతుల నుంచి 68 ఇండికా, 27 జపోనికా రకాల్ని పొలంలో పెంచి వేళ్లు పరీక్షిస్తే, నత్రజనితో పనిచేసే బ్యాక్టీరియా ఇండికా వేళ్ల దగ్గరే ఎక్కువగా కనిపించాయి. ఎన్‌ఆర్‌టీ1.1బీ అనే, నత్రజనిని నైట్రేట్ రూపంలో వేరు తీసుకోవడానికి తోడ్పడే ఒక్క జన్యువును పనిచేయకుండా చేస్తే అవి తగ్గిపోయాయి కూడా. ఎవరిని దగ్గరికి రానివ్వాలో మొక్క కొంతవరకు పుట్టుకతోనే తెచ్చుకుంటుంది. మరి కొత్త రకాల్ని ఎప్పుడూ ఎరువు దండిగా వేసిన మళ్లలోనే ఎంపిక చేస్తూ పోతే, ఆ గుణం ఉందో పోయిందో ఎలా తెలుస్తుంది?

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. విడుదలకు ముందు ప్రతి రకాన్నీ ఎరువు తగ్గించిన మడిలో కూడా పెంచి, వేరు దగ్గర ఏమున్నాయో, ఆ గింజ ఎలా ఉడికిందో ఒకే పట్టికలో చూపించాలి. జీవన ఎరువుల (మొదట చెప్పిన బ్యాక్టీరియాని ప్యాకెట్లలో ఇచ్చేవి) పరీక్షలూ అంతే, "వరికి పనిచేస్తుంది" అంటే ఏ వరికి? ప్యాకెట్‌లో ఉన్నవి ప్రాణమున్నవి, ఎండలో పడేస్తే చస్తాయి, బతికినా నేలలో ముందునుంచీ ఉన్నవాటి ముందు నిలవలేకపోవచ్చు. అలా విఫలమైన పరీక్షల వివరాలు కూడా బయటపెట్టాలి, మనకి కనిపించేవన్నీ విజయాలే.

ఈసారి మీ విలేకరి అలాంటి వార్త తెస్తే, ఏ రకం మీద, ఎంత ఎరువు వేసి చూశారో అడిగి రాయమనండి.

ఇట్లు,
మీ పాఠకుడు