సైన్సు పోటీలో పిల్లల చేతికి పని ఇవ్వండి

సంపాదకులు గారికి,

మా మండలం సైన్స్ ఫెయిర్ ఫొటోలు మీ జిల్లా పేజీలో చూశాను. బహుమతి అందుకుంటున్న పిల్లలు, పక్కన శాలువాలతో పెద్దలు, వెనక థర్మాకోల్ చంద్రయాన్. ఆ హాల్లో నేనూ ఉన్నాను. ఫొటోల్లో పడనిది ఒకటి ఉంది, అందుకే ఈ ఉత్తరం.

నాది పాలకొల్లు దగ్గర ఆక్వా ల్యాబ్. రొయ్యల రైతులు సీసాల్లో చెరువు నీళ్ళు తెస్తే పీహెచ్, అమ్మోనియా, ఆల్కలినిటీ చూసి చీటీ రాసిస్తాను. ఈ చలికాలం వాళ్ళతో పాటు ఏడో తరగతి పిల్లలు నలుగురు వచ్చారు. కూల్‌డ్రింక్ సీసాల్లో పంట కాలువ నీళ్ళు, ఊరి మంచినీళ్ళ చెరువు నీళ్ళు, బడి బోరు నీళ్ళు, రొయ్యల చెరువు గట్టు పక్క చేతిపంపు నీళ్ళు. వేసవిలో కాలువలు కట్టేస్తే వీటిలో ఏవి తాగొచ్చో చెప్పమన్నారు. చెప్పను, మీరే తేల్చుకోండి, ఎలాగో నేర్పిస్తానన్నాను.

ముందు రిఫ్రాక్టోమీటర్ ఇచ్చాను, నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూసే గొట్టం అది. చుక్క వేసి వెలుతురుకేసి చూడటమే కదా, దానికోసం కొట్టుకున్నారు. తీరా చూస్తే నాలుగు సీసాలకీ గీత సున్నా దగ్గరే ఆడుతోంది. "బోరు నీళ్ళు నోటికి ఉప్పగా తెలుస్తున్నాయి కదండీ, దీనికి తెలీదా?" అని ఒక పిల్ల నిలదీసింది. ప్రశ్నంటే అదీ! దాని మీద ఒక్క గీత అంటేనే లీటరుకు గ్రాము ఉప్పు. సముద్రపు నీళ్ళకైతే 35 గీతల దాకా వెళ్తుంది. తాగే నీళ్ళకు మన దేశ ప్రమాణం లీటరుకు 250 మిల్లీగ్రాముల క్లోరైడ్ (ఉప్పులో ఉండేదే), వేరే నీళ్ళు దొరక్కపోతే 1000 వరకు. అంటే పనికొచ్చే నీళ్ళకూ పనికిరాని నీళ్ళకూ ఉన్న తేడా అంతా ఆ మొదటి ఒకటి రెండు గీతల్లోనే ఉంటుంది.

అప్పుడు బ్యూరెట్ దించాను, అంటే కింద కుళాయి ఉండే గీతల గాజు గొట్టం. నీళ్ళలో పొటాషియం క్రోమేట్ వేస్తే పసుపు రంగు. పైనుంచి సిల్వర్ నైట్రేట్ చుక్కచుక్కగా వదులుతూ ఫ్లాస్కు తిప్పుతూ ఉండాలి. క్లోరైడ్ అయిపోయిన క్షణాన పసుపు కాస్తా ఇటుక రంగుకి తిరుగుతుంది. ఆ చుక్క దాటిపోతే లెక్క తప్పుతుంది. ఒకడు కుళాయి తిప్పితే ఒకడు ఫ్లాస్కు తిప్పాడు, ఒక పిల్ల కన్ను గీతకు సమంగా పెట్టి రీడింగ్ చదివింది, ఇంకో పిల్ల రాసుకుంది. తర్వాత చోట్లు మార్చుకుని మళ్ళీ చేశారు. రెండు రీడింగులు కలవకపోతే ఎవరు తొందరపడ్డారో వాళ్ళలో వాళ్ళే పోట్లాడుకుని మూడోసారి చేశారు. సిల్వర్ నైట్రేట్ అంటుకుని మర్నాటికి ఇద్దరి వేళ్ళు నల్లబడ్డాయి, వాళ్ళమ్మలు నాకు ఫోన్ చేశారు. మంచినీళ్ళ చెరువు నీళ్ళు 250 లోపే తేలాయి. చేతిపంపు నీళ్ళు 1000 దాటాయి.

ఇక పోటీ రోజు. పిల్లల బల్ల మీద నాలుగు సీసాలు, ఒక నోటు పుస్తకం. జడ్జి గారు వచ్చి "మీ వర్కింగ్ మోడల్ ఏదమ్మా?" అన్నారు. పుస్తకం తెరవలేదు. లీడర్ ఒక్కడే మాట్లాడాలన్నారు, మిగతా ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. మొదటి బహుమతి సిరంజిల జేసీబీకి వచ్చింది. ఆ కిట్ బుక్ షాపుల్లో దొరుకుతుంది. జేసీబీ మీద నాకు కోపం లేదు, ద్రవం మీద ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అంతటా సమంగా పాకుతుందనే పాస్కల్ సూత్రం అందులో ముచ్చటగా కనబడుతుంది. కానీ సన్న సిరంజి తీసి లావుది పెడితే ఏమవుతుందని ఆ పిల్లల్ని కూడా ఎవరూ అడగలేదు. వాళ్ళకీ అన్యాయమే జరిగిందని నా లెక్క.

మా అక్క మనవడు అమెరికాలో ఆరో తరగతి. అక్కడ సైన్స్ ఒలింపియాడ్ అని 1984 నుంచీ జరుగుతోంది. ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలు పదిహేను మంది దాకా ఒక జట్టు. 23 అంశాలుంటాయి, చాలావాటికి ఇద్దరిద్దరు వెళ్తారు. కొన్ని ఇంటి దగ్గర తయారు చేసుకుని తేవచ్చు, కొన్ని అక్కడికక్కడే ఇచ్చింది చేసి తేల్చాలి. ఒక్కో అంశంలో వచ్చిన ర్యాంకులన్నీ కూడితే ఎవరి మొత్తం తక్కువైతే ఆ జట్టు గెలిచినట్టు. కాబట్టి ఒక్క తెలివైనవాడు జట్టునంతా లాక్కెళ్ళడం కుదరదు. చిన్న తరగతుల వాళ్ళకు విడిగా ఇంకో విభాగం ఉంది.

మనకు పోటీలు లేవని కాదు. బాలల సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచీ ఉంది, అందులో ఊరి సమస్య మీదే ప్రాజెక్టు చేయాలి, అది నాకెంతో ఇష్టం. కానీ పదేళ్ళు నిండాలి. పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్‌కి ఆరో తరగతికి రావాలి, పైగా అది ఎవరి ఆలోచన వారిదే. జన విజ్ఞాన వేదిక వారి సైన్స్ పోటీలు చెకుముకి సంబరాల్లో జట్లు ఉంటాయి, అవి హైస్కూలు పిల్లలవి. నాలుగో తరగతి పిల్ల ఎక్కడికి పోవాలి? బడి బోరు నీళ్ళు తనూ తాగుతోంది కదా.

మండల విద్యాశాఖ వారికి నా మనవి ఒక్కటే. వచ్చే ఏడాది మోడళ్ళ పక్కన నాలుగు బల్లలు ఖాళీగా ఉంచండి. పేరు రాయని నీళ్ళ సీసా, మట్టి పొట్లం, ఏదైనా పెట్టి "ఇదేమిటో మీరిద్దరూ కలిసి తేల్చండి" అనండి. నాలుగు, అయిదు తరగతుల వాళ్ళనీ రానివ్వండి. చిన్నపిల్లలకు సిల్వర్ నైట్రేట్ వద్దు, నీళ్ళ కఠినత్వం చూసే హార్డ్‌నెస్ పరీక్ష చాలు, ఎరుపు పోయి నీలం వస్తే వాళ్ళే కేకలు పెడతారు. కళ్ళద్దాలు, గ్లౌజులు మాత్రం ఉండాలి. నోటు పుస్తకానికి సగం మార్కులు వేయండి.

ఖర్చు సంగతి అంటారా, భీమవరం నుంచి నరసాపురం దాకా ఆక్వా ల్యాబులకు కొదవ లేదు. బ్యూరెట్లు, స్టాండ్లు, ఫ్లాస్కులు నా ల్యాబ్ నుంచి నేనిస్తాను, తోటివాళ్ళనూ అడుగుతాను. డిస్టిల్డ్ వాటర్ కావాలంటే మాత్రం ముందురోజే కబురు పెట్టాలి.

ఇట్లు,
ఒక ఆక్వా ల్యాబ్ నిర్వాహకురాలు,
పాలకొల్లు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా